పిల్లి పెరగలేదు, కర్ర దిగింది

రేపల్లె బస్టాండు దాటి నిజాంపట్నం రోడ్డు ఎక్కే మలుపులో ఒక సిమెంటు పిల్లి ఉంది. కుడి ముందుకాలు పైకెత్తి, జనానికి దారి చూపిస్తున్నట్టు నిలబడి ఉంటుంది. ముఖంలో ఏదో హామీ ఇస్తున్న గాంభీర్యం. ఆటోవాళ్ళు ఆ చోటుని పిల్లి స్టాండు అంటారు. కింద నల్లరాతి పలకమీద కొన్ని పేర్లు చెక్కి ఉన్నాయి. అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో, అన్నిటికన్నా కింద ఉన్న పేరు నాది.

వన్యప్రాణుల ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు తెనాలిలో మా ఇంటికొచ్చి ఆ పిల్లి కథ చెప్పమంటారు. ఇన్నాళ్ళూ నవ్వొచ్చే సగమే చెప్పి టీ ఇచ్చి పంపాను. రెండో సగం కూడా ఇందులో రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ లేవు, ఒక్క పిల్లిది తప్ప. దాని పేరు దొరబాబు. అది ఏ తప్పూ చెయ్యలేదు కాబట్టి దాచాల్సిన పని లేదు.

అప్పుడు నేను బాపట్లలో ఒక చిన్న విభాగానికి అధికారిని. తీరంలో ఉండే వన్యప్రాణులకు రక్షణ ప్రణాళికలు రాయడం మా పని. రెండు గదులు, ఒక జీపు, ఒక గుమాస్తా, ఒక వాచరు. రాసిన ప్రణాళికలు పైకి వెళ్ళేవి, అక్కడి నుంచి తిరిగొచ్చేవి. కొంగల మీద రాసింది మూడుసార్లు వెళ్ళి మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి మా పై అధికారి నన్ను పిలిపించాడు.

"కొంగలు ఎవరికి కావాలయ్యా? పొలానికో వంద ఉంటాయి. జనం నోట్లో నానే జంతువు ఒకటి పట్టుకురా. పులి లాంటిది."

"మన దగ్గర పులుల్లేవండి."

"పిల్లులైనా లేవా?"

నిజానికి ఉన్నాయి. మడ అడవుల్లో బావురు పిల్లి అని ఒకటి ఉంటుంది. మామూలు పిల్లికి రెండింతలుంటుంది, ఒంటిమీద మచ్చలుంటాయి, నీళ్ళలో దిగి చేపలు పడుతుంది. చట్టంలో పులితో సమానమైన మొదటి షెడ్యూలు జంతువు. నిజాంపట్నం వైపు మడల్లో అది ఉందని జాలర్లు చెబుతారు. చూశామనేవాళ్ళు చాలామంది, ఫోటో తీసినవాళ్ళు లేరు. ఆ ఫోటో నేను తీస్తే నా ప్రణాళిక ఇక తిరిగి రాదని నాకు అర్థమైంది.

మడ చెట్టు మొదలుకి ఒక కెమెరా కట్టాం. ఎదురుగా ఏది కదిలినా అదే ఫోటో తీసుకుంటుంది. వచ్చిన జంతువు ఎంత ఎత్తుందో తెలియడానికి, కెమెరా ముందు పది అడుగుల సరుగుడు కర్ర ఒకటి పాతించాను. నేల దగ్గర సున్నా, పైకి వెళ్ళేకొద్దీ అరడుగుకో ఎర్ర గీత, అంకె. పిల్లి కోసం తొమ్మిది అడుగుల దాకా గీతలెందుకని పెయింటర్ని అడిగితే, "ఉంటే మంచిదే కదండి" అన్నాడు. కర్ర మొదట్లో ఎరగా ఎండు నెత్తళ్ళ మూట కట్టాం. ఆ నెత్తళ్ళు పక్కనే ఉన్న చేపలు ఎండబెట్టే దిబ్బ మీద ఒక మామ్మ దగ్గర తీసుకున్నాం. ఈ ఒక్క వాక్యం అప్పుడే నా బుర్రకెక్కి ఉంటే ఇదంతా రాయాల్సిన పనుండేది కాదు.

మొదటి వారం ఫోటోల్లో ఒక పిల్లి కనబడింది. రాత్రిపూట తీసినవి కాబట్టి అన్నీ నలుపూ తెలుపే. అడుగు ఎత్తుంది, ఒంటిమీద మచ్చలున్నాయి. మూడో వారం ఇంకొకటి కనబడింది. అడుగున్నర ఎత్తు, మచ్చలు వేరే చోట. అయిదో వారానికి రెండడుగులది వచ్చింది. ఏడో వారంలో వచ్చినదాన్ని చూసి మా గుమాస్తా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

మచ్చల తీరునిబట్టి ఏ జంతువుకా జంతువుని విడివిడిగా గుర్తించడం మా పద్ధతి. మచ్చలన్నీ వరసగా పెట్టి చూశాను. మొత్తం ఏడు తేలాయి. ఒక తండ్రి, ఒక తల్లి, వివిధ వయసుల్లో అయిదు పిల్లలు. వాటికి వంశవృక్షం కూడా గీశాను.

మా వాచరు అక్కడివాడే. ఉద్యోగంలోకి రాకముందు పడవ మీద పనిచేశాడు. నేను గోడకు అంటించిన వంశవృక్షాన్ని చాలాసేపు చూశాడు.

"సార్, ఒక మాట చెప్పనాండి?"

"చెప్పు."

"పిల్లి పెరగట్లేదండి. కర్ర దిగుతుందండి."

"ఏంటి?"

"అక్కడ అంతా ఒండ్రు కదండి. పోటు వచ్చి పోయినప్పుడల్లా కర్ర కాస్త కాస్త కిందికి దిగిపోద్ది. నిన్న చూశానండి, మూడడుగుల గీత నేలకి ఆనుకుని ఉంది. అందుకని పిల్లి పొడుగ్గా కనబడతందండి."

"మరి మచ్చలో?"

"బురదండి. ఏ రోజు బురద ఆ రోజుదే కదండి."

నేను అతనివైపు చూశాను. అతను నావైపు కాక వంశవృక్షం వైపు చూస్తున్నాడు. అక్కడ అయిదు పిల్లల్లో ఒకదానికి నేను ప్రశ్నార్థకం పెట్టి, 'ఆడది కావచ్చు' అని రాశాను.

"నువ్వు ఎంతవరకు చదివావ్?" అన్నాను.

"ఎనిమిదండి."

"నేను పీహెచ్‌డీ."

"అవునండి," అన్నాడు వాచరు, టీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోతూ.

అతను చెప్పింది నిజమని ఆ నిమిషంలోనే నాకు తెలుసు. దీన్ని తర్వాత తెలిసిన తప్పు అని ఎన్నోసార్లు చెప్పుకున్నాను. తర్వాత కాదు, అప్పుడే తెలుసు. కానీ ప్రణాళిక అంతకు రెండు రోజుల ముందే పైకి వెళ్ళిపోయింది. పై అధికారి ఫోన్ చేసి, నా సర్వీసులో మొదటిసారి నన్ను 'మీరు' అన్నాడు.

ప్రణాళికలో ఒక పేరా ఉంది. ఏడు బావురు పిల్లుల కుటుంబం తిరిగే చోటికి ఆనుకుని మనుషుల అలికిడి ఉండకూడదని. ఆ చోటికి ఆనుకుని ఉన్నది చేపలు ఎండబెట్టే దిబ్బ. పక్క పల్లె ఆడవాళ్ళు పడవలు దింపిన నెత్తళ్ళూ సావిడాలూ లాంటి చేపలు తెచ్చి ఆ ఇసుక దిబ్బ మీద ఎండబెట్టి, చెరుకుపల్లి దాకా తీసుకెళ్ళి అమ్ముకునేవాళ్ళు. బాపట్లలో నా బల్లమీది మ్యాపులో ఆ దిబ్బ బొటనవేలంత ఉంది. చుట్టూ పెన్సిలుతో ఒక గీత గీశాను. నెలలోపు ఖాళీ చెయ్యమని నోటీసు వెళ్ళింది.

ఇంతలో పైనుంచి ఆదేశం. తీరానికి గర్వకారణమైన జంతువు కాబట్టి రేపల్లెలో విగ్రహం పెట్టాలి, ఒక ప్రజాప్రతినిధి వచ్చి ఆవిష్కరిస్తారు. విగ్రహాలకు తెనాలిని మించిన ఊరు లేదు. నేను వెళ్ళిన శిల్పి జీవితమంతా నాయకుల బొమ్మలు చేసినవాడు.

"ఎవరిదండి?" అన్నాడు.

"బావురు పిల్లిది."

"పోయిందాండి?"

"లేదు. బతికే ఉంది."

"అట్టయితే దండ పడే మెడ కాదన్నమాట," అని కాగితం మీద రాసుకున్నాడు. "చెయ్యి ఎత్తాలాండి, దించాలాండి?"

"అది పిల్లి కదండీ, నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది."

"నిలబడుద్ది. కానీ చెయ్యెత్తకపోతే రోడ్డు మీద ఎవరూ చూడరండి. నా మాట వినండి." అని కాసేపు ఆలోచించాడు. "కళ్ళజోడు?"

"వద్దు."

కళ్ళజోడు ఒక్కటే ఆపగలిగాను.

ఆవిష్కరణ రోజు పొద్దున్నే రేపల్లె మలుపులో షామియానా వేశాం. విగ్రహానికి పసుపు గుడ్డ కప్పి రిబ్బను కట్టాం. బడిపిల్లలకు పిల్లి ముసుగులు పంచాం. ముఖ్య అతిథి కారు దిగుతున్న సమయానికి జనంలోంచి ఒక మామ్మ నెత్తిన చేపల గంపతో ముందుకొచ్చింది. గంప మీద ఇంకో గంప బోర్లించి తాడుతో కట్టి ఉంది. లోపల ఏదో విసుక్కుంటోంది.

"ఇక్కడ పిల్లి ఆఫీసరు ఎవరు బాబూ?"

అందరూ నన్ను చూపించారు. మేం నెత్తళ్ళు తీసుకున్న మామ్మే ఆమె. దిబ్బ మీద మడల అంచున ఉన్న చోటు ఆమెది. గంప నా కాళ్ళ దగ్గర దించింది.

"నీ పులి పిల్లి ఇదేనంట. మీ వాచరుని అడిగితే తల దించుకున్నాడు, నాకు తెలిసిపోయింది. ఇది మా దొరబాబు. పుట్టినకాడ్నించీ నా దగ్గరే ఉన్నాడు. ఆ మడల్లోకి ఎందుకెళ్తాడంటే, ఇంట్లో తిన్న నెత్తళ్ళే అక్కడా కట్టారు, అందుకెళ్తాడు. దీన్ని నువ్వే ఉంచేసుకో బాబూ. మా దిబ్బ మాకిచ్చెయ్."

"మామ్మా, పక్కకు రా, తర్వాత మాట్లాడదాం."

"తర్వాతేంటి? రేపటి నించి పోలీసులొస్తారంట కదా. నెత్తళ్ళు రేపటిదాకా ఆగుతాయా? ఎండ లేకపోతే సాయంత్రానికే కుళ్ళిపోతాయి."

ఆమె తాడు విప్పింది. బూడిద రంగు గండుపిల్లి ఒకటి బయటికి దూకి, జనాన్ని చూసి బెదిరి, కనబడిన మొదటి మరుగులోకి దూరింది. ఆ మరుగు పసుపు గుడ్డ. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించాడు. గుడ్డ జారింది. చెయ్యెత్తిన సిమెంటు పిల్లి, దాని భుజం మీద దొరబాబు.

చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి నా చెవి దగ్గరకు వంగాడు.

"ఇది కూడా ప్రోగ్రాంలో ఉందా?"

నేను 'లేదండి' అని ఉండొచ్చు. నోట్లో ఆ మాట తయారుగా ఉంది కూడా. పక్కనే పై అధికారి నిలబడి ఉన్నాడు.

"ఉందండి," అన్నాను. "బావురు పిల్లి పిల్ల. ఈ అమ్మకి దొరికితే స్వచ్ఛందంగా అప్పగిస్తోంది."

ముఖ్య అతిథి కళ్ళు చెమ్మగిల్లాయి. తనకోసం తెచ్చిన శాలువానే మామ్మ భుజాల మీద కప్పి, తీరప్రాంత మహిళలందరికీ ఆమె ఆదర్శమన్నాడు. మామ్మ మైకు వైపు వంగి, "అయితే దిబ్బ ఇచ్చినట్టేనా బాబూ?" అంది. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను నవ్వొచ్చే కథ రాసి ఊరుకునేవాణ్ణి. కానీ అంత పెద్దమనిషి మైకులో చెప్పిన మాటకు ఆఫీసులో ఒక కాగితం ఉండాలి. అడవి జంతువును అప్పగించారంటే, అంతవరకు తమ దగ్గర పెట్టుకున్నారనే కదా. మొదటి షెడ్యూలు జంతువును ఇంట్లో పెట్టుకోవడం నేరం. గుమాస్తా ఈ సంగతి చెప్పి నా ముఖంలోకి చూశాడు. నేనే కూర్చుని రాశాను: అడవిలోంచి తెచ్చి పెంచుకున్నాననీ, తెలిసే చేశాననీ, తప్పు ఒప్పుకుని అప్పగిస్తున్నాననీ. మామ్మ శాలువా కప్పుకునే వేలిముద్ర వేసింది. సన్మానం పొందిన గంటలోపు ఆమె పేరు మా నేరాల రిజిస్టరులోకి ఎక్కింది.

సాయంత్రం దొరబాబుని అడవిలో వదలాలి. వాచరూ నేనూ జీపులో మడల దాకా తీసుకెళ్ళాం. గంప తెరిచాం. అది బయటికొచ్చి, బురదని వాసన చూసి, ముందుకాలు దులుపుకుంది.

"పో," అన్నాను.

"అది మనం పోవాలని చూస్తందండి," అన్నాడు వాచరు.

మేమే బయల్దేరాం. రోడ్డు కాలవ చుట్టూ తిరిగి దిబ్బ పక్కగా వస్తుంది. పిల్లికి ఆ తిరుగుడు లేదు. మేం దిబ్బ దగ్గరికి వచ్చేసరికి బోర్లించిన తెప్ప మీద కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది. పక్కన మామ్మ చేపల్ని తిరగేస్తూ, మమ్మల్ని చూసి శాలువా సర్దుకుంది.

"మన కన్నా ముందే వచ్చేశాడండి," అన్నాడు వాచరు.

"రిపోర్టులో రాయొద్దు," అన్నాను.

"ఏది రాయొద్దండి? వదిలినట్టా, వచ్చినట్టా?"

'వదిలినట్టు' మాత్రం రాశాను.

మర్నాడు దిబ్బ చుట్టూ ముళ్ళకంచె పడింది. ఆడవాళ్ళు రోడ్డు అంచున చేపలు పరిచారు. లారీలు వెళ్ళినప్పుడల్లా దుమ్ము లేచి నెత్తళ్ళ మీద పడేది. చెరుకుపల్లిలో ఇసుక చేపలని వాటిని తీసుకోవడం మానేశారు. కొంతమంది వాడరేవు వెళ్ళి వేరేవాళ్ళ దగ్గర కూలికి కుదిరారు. మామ్మ మాత్రం వెళ్ళలేదు. దొరబాబు కొత్తచోట ఉండడట.

ఏడాది తర్వాత బయటినుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. ఫోటోలు వరసగా చూసి ఒకే ప్రశ్న అడిగింది: "కర్ర ఎంత లోతుకు పాతారు సార్?" నేను సమాధానం చెప్పకముందే టీ తెచ్చిన వాచరు గ్లాసులు పెట్టి బయటికి నడిచాడు. ప్రణాళికను చడీచప్పుడు లేకుండా పక్కన పెట్టారు. మా విభాగాన్ని ఇంకోదాంట్లో కలిపేశారు. నన్ను మంచి పోస్టుకే బదిలీ చేశారు. విగ్రహం ఉండిపోయింది. ముళ్ళకంచె ఉండిపోయింది. రిజిస్టరులో మామ్మ పేరూ ఉండిపోయింది. ఆ చివరిదాని గురించి నేను ఆలోచించనే లేదు. యాభై దాటగానే స్వచ్ఛంద విరమణ తీసుకుని తెనాలి వచ్చేశాను.

కిందటేడు ఆ వాచరు తెనాలిలో కంటి ఆసుపత్రికి వచ్చి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అతనూ రిటైరయ్యాడు.

"అక్కడ చేపలు ఎండబెట్టుకోడానికి కొత్తగా సిమెంటు అరుగులు కట్టారండి. పల్లెలో అందరికీ తలా ఒకటి ఇస్తన్నారు. మామ్మకి మాత్రం ఇవ్వరంటండి."

"ఎందుకని?"

"అడవి జంతువుల కేసుందంటండి." లేవబోతూ అన్నాడు. "మీకు చెబితే బాగుంటదేమోనని వచ్చాను."

మర్నాడే బాపట్ల వెళ్ళాను. నా కుర్చీలో ఇప్పుడొక కుర్ర అధికారి ఉన్నాడు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మీరు చెప్పింది నమ్ముతాను సార్. కానీ రిజిస్టరులో ఒప్పుకోలు ఉంది. కొట్టెయ్యాలంటే ఆధారం కావాలి. ఆ జంతువుని చూపించగలరా? కొలిచిన కర్ర ఉందా?"

రెండూ మామ్మ దగ్గరే ఉన్నాయి. పల్లెకు వెళ్తే కర్ర ఆమె గుడిసె పక్కన వలలు ఆరేసుకోడానికి పాతి ఉంది. కంచె వేసినప్పుడు మావాళ్ళు పీకి పారేస్తే తెచ్చుకుందట. దొరబాబు గడపలో పడుకుని ఉన్నాడు. పళ్ళూడి ముసలివాడయ్యాడు. మామ్మ నన్ను గుర్తుపట్టింది.

"పిల్లి ఆఫీసరువి కదూ? మళ్ళీ ఏం కొలవడానికొచ్చావ్?"

చెప్పాను. ఆమె విని, లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని కర్ర పక్కన నిలబెట్టింది.

"మనవడా, చూడు, ఎంతున్నాడు?"

"ఎనిమిదిన్నరడుగులే మామ్మా," అన్నాడు వాకిట్లో వల బాగుచేస్తున్న ఆమె మనవడు, చదివి.

"అమ్మో," అంది మామ్మ. "కూర్చో బాబూ, ఇంటి కప్పు తగులుద్ది."

కర్ర తీసుకెళ్తే వలలు ఎక్కడ ఆరేసుకోవాలంది. నిజాంపట్నం వెళ్ళి కొత్త సరుగుడు కర్ర తెచ్చి పాతాక పాతదాన్ని పీకాం. మూడడుగుల గీత దాకా మట్టి రాలింది. ఒకటి, రెండు, మూడు అంకెలు అప్పుడే రాసినట్టు ఎర్రగా ఉన్నాయి. ఎండ తగలని రంగు చెడిపోలేదు.

బాపట్ల బస్సులో కండక్టరు కర్రకు లగేజీ టికెట్ కొట్టాడు. గంపలో ఏముందని అడిగితే, "కేసులో ముద్దాయి," అంది మామ్మ.

ఆఫీసులో పశువైద్యుడు దొరబాబు నోరు తెరిచి చూసి, 'పెంపుడు పిల్లి, మగది, వృద్ధాప్యం' అని సర్టిఫికెట్ రాసిచ్చాడు. కుర్ర అధికారి కర్ర కొలిచి, ఫోటోలు తిప్పి, వాటిలో కర్ర కింది అంకెలు ఒక్కొక్కటే మాయమవడం చూసి నవ్వు ఆపుకున్నాడు. తర్వాత రిజిస్టరు తెచ్చి, కొట్టెయ్యబోయే ముందు ఆ పేజీ పైకి చదివాడు. అది నియమం. అడవిలోంచి తెచ్చి పెంచుకున్నాననీ, తెలిసే చేశాననీ.

మామ్మ మొత్తం విన్నది. ఆమెకు చదువు రాదు.

"ఇదంతా నేనన్నానా?"

అధికారి పేజీ కింద ఉన్న వేలిముద్ర చూపించాడు.

"నా పిల్లిని తీసుకున్నట్టు రసీదు అనుకున్నాను. దిబ్బ ఇస్తారేమో, రసీదు ఉంటే మంచిదని వేశాను."

"నువ్వనలేదు మామ్మా," అన్నాను. "నేనే రాశాను. అబద్ధమని తెలిసే రాశాను."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కుర్ర అధికారి నా ముందు తెల్లకాగితం పెట్టి, ఈ ముక్కే రాసి సంతకం పెట్టమన్నాడు. రాశాను. పెన్ను సంతకం దాకా వచ్చేసరికి మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"సంతకం కాదు. నేనేసినట్టు వెయ్యి."

"ఆయన చదువుకున్నవారు మామ్మా, సంతకం చాలు," అన్నాడు అధికారి.

"చదువుకున్నాడనే చెబుతున్నాను. వెయ్యనీ."

ఇంకు డబ్బా ఆమే నా ముందుకు జరిపింది. వేలు తిన్నగా పెట్టడం రాకపోతే, నా బొటనవేలు పట్టుకుని, అటూ ఇటూ దొర్లించి, గట్టిగా నొక్కించింది. ఆమె వేళ్ళు ఉప్పుకి పగిలి గరుగ్గా ఉన్నాయి.

ఆమెకు అరుగు వచ్చింది. మడల వైపు చివరిది, దొరబాబుకి అలవాటైన వైపు. నేను తిరుగు బస్సెక్కి తెనాలి వచ్చాను. ఆ ఇంకు నాలుగు రోజులు పోలేదు. ఎవరైనా వేలు చూసి ఎక్కడైనా ఎన్నికలా అని అడిగితే, కాదని చెప్పి, ఈ కథ మొదటినుంచి మొత్తం చెప్పాను.